జంట ఒంటెల అర బంటు

గళ్ళపాలెం మునిసిపాలిటీలో ఒంటెకు భార్య పోతే, పదకొండో రోజు దాటగానే ఆ ఒంటె ఆఫీసుకు వెళ్ళి తన విలువలోంచి అర బంటు తిరిగి అప్పజెప్పి రావాలి. నియమం పాతదే. గొడవర్తి భానోజీకే కొత్త.

ఇక్కడ ఒంటె అంటే ఎడారి సరుకు కాదు, ఉద్యోగ వర్గం. ఊళ్ళో అరవై నాలుగు వార్డులు. ఒకటి తెలుపు, దాని పక్కది నలుపు. పద్దెనిమిదేళ్ళు నిండిన ప్రతి మనిషీ ఏదో ఒక వర్గంలో చేరతాడు. ఏనుగులు తిన్నగా నడుస్తారు, తిన్నగా మాట్లాడతారు, ఇంజినీర్లవుతారు. గుర్రాలు రెండడుగులు ముందుకేసి ఒకటి పక్కకేస్తారు. ఆఫీసు పనికి వాళ్ళను మించినవాళ్ళు లేరు. బంట్లు ముందుకే తప్ప వెనక్కి నడవరు. మరిచిపోయిన గొడుగు కోసం వెనక్కెళ్ళిన బంటు ఊరి చరిత్రలో ఒక్కడూ లేడు, అందుకే గొడుగుల షాపు బాగా నడుస్తుంది. ఒంటెలు ఐమూలగా నడుస్తారు. తెల్ల వార్డులో పుట్టిన ఒంటె చచ్చేదాకా తెల్ల వార్డుల్లోనే, నల్ల వార్డులో పుట్టిన ఒంటె నల్ల వార్డుల్లోనే తిరగాలి. దీనివల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. బస్సులు కూడా దానికి తగ్గట్టే వేశారు.

భానోజీ తెల్ల ఒంటె. వయసు యాభై నాలుగు. తెల్ల వార్డుల్లో పొద్దున్నే నీళ్ళు వదిలి, గంట తరవాత కట్టేసే పని ఆయనది. భార్య మంగతాయారు నల్ల ఒంటె. నల్ల వార్డుల్లో పసిపిల్లలకు చుక్కల మందు వేసేది. ఇరవై ఏడేళ్ళు కాపురం చేశారు. అన్నేళ్ళలో ఇద్దరూ ఒక్కసారి కూడా ఒకే వార్డులో నిలబడలేదు. ఇల్లు వార్డు గీత మీద తీసుకున్నారు. ముందు గది తెలుపు, వంటగది నలుపు, మధ్య గుమ్మం మీంచి గీత. ఆమె అటు పీట వేసుకునేది, ఈయన ఇటు చాప వేసుకునేవాడు. కాళ్ళ గురించి పదిహేడు పేజీలు రాసిన నియమావళి చేతుల గురించి ఒక్క ముక్కా రాయలేదు. అందుచేత తాళి కట్టడానికీ, కంచం అందుకోవడానికీ, చెంప మీద అంటిన పిండి తుడవడానికీ అడ్డు రాలేదు. సాయంత్రం షికారుకు వెళ్తే ఆమె తన ఐమూలన, ఈయన తన ఐమూలన పక్కపక్కనే నడిచేవారు. మధ్యలో గీత ఉందన్న సంగతి చూసేవాళ్ళకే గాని నడిచేవాళ్ళకు గుర్తుండేది కాదు.

ఆఫీసుకు కంప్యూటరు వచ్చాకే అందరికీ విలువలు కట్టారు. అంతకుముందు మనుషుల విలువ నోటిమాటగా ఉండేది, చచ్చాక గాని పెరిగేది కాదు. కంప్యూటరు ఆ అన్యాయాన్ని సరిచేసింది. అది ఊళ్ళోంచి ఒక్కో మనిషిని తీసేసి, ఆ మనిషి లేని ఊరిని లక్షసార్లు నడిపించి చూసింది. ఎంత నష్టం వస్తే అంత విలువ. ఏనుగుకు ఐదు, గుర్రానికి మూడు, ఒంటెకు మూడు అని తేలింది. ఛైర్మన్‌గారి ఎదురుగా మాత్రం గీత పెట్టింది. ఆయన్ని తీసేస్తే ఊరు నడవడం కుదరదని నియమావళిలోనే ఉంది కాబట్టి తీసి చూడటానికి వీలు కాలేదు. అందువల్ల ఆయన విలువ ఇప్పటికీ ఎవరికీ తెలీదు. ఆయనకు కూడా.

కొలవాలంటే కొలబద్ద కావాలి గదా. దానికి ఆఫీసు బంట్రోతు గుంపన అప్పలస్వామిని ఎంచుకున్నారు. బంటు, పైగా బంట్రోతు, అంతకంటే ఖచ్చితమైన బంటు ఎక్కడ దొరుకుతాడు? ఆయన విలువ సరిగ్గా ఒకటి. దుమ్ము పడకుండా అద్దాల గదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఊరందరి విలువా అప్పలస్వాముల్లోనే చెప్పాలి. ఆయన ఒళ్ళు చేస్తే ఊరందరి విలువా తగ్గిపోతుందని మధ్యాహ్నం భోజనం తూచి పెడతారు. ఓసారి ఆయనకు విరోచనాలు పట్టుకుని చిక్కిపోతే కమిషనర్‌గారి విలువ మూడు రోజులు తొమ్మిది దాటింది. కోలుకున్నాక కమిషనర్‌గారే కొంచెం నిరుత్సాహపడ్డారు.

ఒంటెల దగ్గరికి వచ్చేసరికి కంప్యూటరు ఒక వింత గమనించింది. జంటలో ఒకరిని తీసేస్తే మూడు బంట్లు కాదు, మూడున్నర నష్టం వస్తోంది. ఎన్నిసార్లు చూసినా అంతే. ఈయన చూడలేని వార్డులు ఆమె చూస్తుంది, ఆమె చూడలేనివి ఈయన చూస్తాడు, ఇద్దరూ ఉంటే ఊళ్ళో చూడని చోటు ఉండదు. అందుకని జంటకు అర బంటు కలిపి, చెరి పావూ పంచింది. భానోజీ మూడుంపావు, మంగతాయారు మూడుంపావు. ఈ లెక్క తేల్చడానికి మంగతాయారు లేని ఊరిని కూడా లక్షసార్లు నడిపించిందన్నమాట. అంటే భానోజీ అప్పటికే ఆ కంప్యూటరులో లక్షసార్లు భార్యను పోగొట్టుకున్నాడు. ఈ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆ రోజుల్లో ఆయన తెల్ల వార్డుల్లో నీళ్ళు వదులుతున్నాడు.

భాద్రపదంలో ఊరంతా జ్వరాలు వచ్చినప్పుడు లక్షా ఒకటోసారి జరిగింది. మంచం వంటగదిలో వేశారు. భానోజీ గుమ్మానికి ఇవతల కూర్చుని మూడు రోజులు చెయ్యి పట్టుకున్నాడు. నాలుగో రోజు పట్టుకోవడానికి చెయ్యి ఉంది గాని పట్టుకునే చెయ్యి ఒకటే మిగిలింది. ఇరుగుపొరుగు బంట్లు నల్ల వార్డుల మీదుగా మోసుకెళ్ళారు. ఈయన తెల్ల వార్డుల మీదుగా, ఐమూలలు మార్చుకుంటూ, పక్కపక్కనే వెళ్ళాడు.

జంట ఒంటె ఒంటి ఒంటె అయింది. పన్నెండో రోజు పొద్దున్న భానోజీ ఉతికిన చొక్కా వేసుకుని విలువల సెక్షనుకు వెళ్ళాడు.

సెక్షను చూసేది పసుపులేటి నాగరత్నం. గుర్రం వర్గం. నడకలాగే మాట కూడా, రెండు తిన్నగా, ఒకటి పక్కకి.

“కూర్చోండి భానోజీగారూ. ఫారం నింపారా? ఈయేడు వంకాయలు బాలేవండి” అందామె.

“నింపానండి. ఒక్క గడి మాత్రం వదిలేశాను.” ఆయన కాగితం బల్ల మీద పెట్టాడు. “అర బంటు ఎవరి వద్ద ఉన్నది అని ఉందండి ఇక్కడ. నా దగ్గరుందని రాస్తే అబద్ధం. ఆవిడ పట్టుకెళ్ళిపోయిందని రాస్తే పోయిన మనిషి మీద దొంగతనం వేసినట్టుంటది. ఇల్లంతా వెతికానండి. నా వైపు వెతికాను. ఆవిడ వైపు వెతకడానికి నాకు కాలు సాగదు కదా.”

“అందరూ ఆ గడి దగ్గరే ఆగుతారండి. ఇద్దరి వద్దా అని రాస్తే కంప్యూటరు ఒప్పుకోదు. మా చెల్లెలు మేడ వేస్తోంది.”

“మరి ఏం రాయమంటారు?”

“నా వద్ద అని రాసేయండి. పావు మీ ఖాతాలోంచి తీసేస్తాను, పావు ఆవిడతోపాటే కొట్టేస్తాను. కాఫీ చల్లారిపోతోంది.”

భానోజీ కలం తీశాడు, మళ్ళీ మూత పెట్టాడు. “తీసేశాక నాకెంతుంటదండి?”

“మూడు.”

మూడు అనగానే ఆ గదిలో ఎవరికైనా తెలిసేదే. ఏటికి అవతల ఎదురుపాలెం ఉంది. ఆ ఊరికీ ఈ ఊరికీ ఎప్పటినుంచో ఆట నడుస్తోంది. ఎందుకు నడుస్తోందో తెలిసినవాళ్ళు పోయారు. గురువారం గురువారం రెండు ఊళ్ళూ సమానమైన మనుషుల్ని ఒకరికొకరు ఎదురెదురు పెట్టి మార్పిడి చేసుకుంటాయి. మూడుకు మూడు. వాళ్ళ గుర్రం, వీళ్ళ ఒంటె. మార్పిడి అయినవాళ్ళు తమ తమ ఊళ్ళ పెట్టెల్లోకి వెళ్తారు. పెట్టె అంటే పాత గోడౌను. మూడుంపావు ఉన్నంతకాలం భానోజీ మార్పిడికి దొరకడు, గుర్రానికి పావు ఎక్కువ కాబట్టి. సరిగ్గా మూడైతే ఈ గురువారమే.

“పెట్టెలో ఎలా ఉంటదండి?” అని అడిగాడు.

“బాగానే ఉంటదండి. ఫ్యాన్లు తిరుగుతాయి. గుమ్మాలుండవు.”

మూడో మాట ఎప్పటిలా పక్కకు వెళ్ళలేదని నాగరత్నానికి అన్న తరవాత తెలిసింది. ఆమె కాఫీ వైపు చూసింది. భానోజీ కూడా కాఫీ వైపే చూశాడు.

“సాయంత్రం పూట గుమ్మం దగ్గర కూర్చోవడం అలవాటైపోయిందండి. అటు చూసి మాట్లాడుకుంటా ఉంటాను. నాకు విలువ అక్కర్లేదు, ఆ అరా తీసుకోండి, కావలిస్తే మూడూ తీసుకోండి. ఆ గుమ్మం ఒకటి ఉండనివ్వగలరా?”

విలువ పోతుందని వలవల ఏడ్చేవాళ్ళను నాగరత్నం రోజూ చూస్తుంది. వాళ్ళకు ఇవ్వడానికి బల్ల సొరుగులో చేతిరుమాళ్ళు కూడా ఉన్నాయి. విలువ తీసుకుని గుమ్మం ఇమ్మన్నవాడికి ఏమివ్వాలో ఏ సొరుగులోనూ లేదు.

అద్దాల గది తలుపు బర్రుమని తెరుచుకుంది. అప్పలస్వామి తల బయటపెట్టాడు.

“మేడమ్‌గారూ, ఎనిమిది సంగతి చెప్పెయ్యండి. పాపం గదండీ.”

“నువ్వు లోపలికెళ్ళు. దుమ్ము పడితే ఊరందరి విలువా పోతుంది” అంది నాగరత్నం. అయినా కుర్చీ ముందుకు జరుపుకుంది.

సంగతి ఇది. కంప్యూటరు ఎంత గొప్పదైనా ఎనిమిది ఎత్తుల దాకానే చూస్తుంది. తొమ్మిదో ఎత్తులో ఊరు మునిగిపోతున్నా దానికి ఊరు పొడిగానే ఉంటుంది. చావు కాగితం కంప్యూటరుకు చేరాలంటే బల్లకో ఎత్తు చొప్పున ఎనిమిది బల్లలు దాటాలి. ఇప్పుడు మొదటి బల్ల మీద, అంటే నాగరత్నం ముందే ఉంది. దాన్ని ఇంకో బల్ల వెనక్కి తోసేస్తే తొమ్మిది అవుతుంది. తొమ్మిదైతే జరగనట్టే.

“తొయ్యడం ఎలాగండి?”

“ఛైర్మన్‌గారి పేరున అర్జీ వస్తే దాన్ని చెక్ అంటామండి. దానికి జవాబు చెప్పేదాకా ఆఫీసులో ఏ కాగితమూ కదలకూడదు. అర్జీ కూడా ఒక ఎత్తే, అంటే కాగితం ముందు ఇంకో బల్ల పెరిగినట్టే. మీరు రోజుకొకటి పెట్టండి, కాగితం ఉన్నచోటే ఉంటుంది.” ఆమె కాస్త ఆగింది. “ఒకే అర్జీ మూడుసార్లు పెడితే మాత్రం ఆట సమానమైపోయి ఊరు మూసేస్తారు. రోజూ కొత్తది రాయాలి. వర్షం వచ్చేలా ఉంది.”

“ఇది మోసం కాదాండీ?”

“ఎవర్ని మోసం చేస్తున్నామండీ? కంప్యూటరు చూడలేదు, మీరు చూడలేరు. నేను సర్వీసు పుస్తకం ప్రకారమే చెప్పాను.”

మర్నాటినుంచి భానోజీ రోజూ పదిన్నరకు ఛైర్మన్‌గారికి చెక్ ఇచ్చాడు. చెక్కంటే బ్యాంకు చెక్కనుకుని ఛైర్మన్‌గారు మొదటి రోజు తనే వచ్చి అందుకున్నారు. ఆ తరవాత రావడం మానేశారు. మీ ఫోటో గోడ మీద అరంగుళం వంకరగా ఉన్నదని ఒక అర్జీ. సరిచేశాక మరీ తిన్నగా ఉన్నదని ఇంకొకటి. మూడో వార్డు పార్కులో ఉయ్యాల కిర్రుమంటున్నది. నూనె వేశాక పిల్లలు కిర్రు కావాలంటున్నారు. ప్రతిదానికీ జవాబు వచ్చింది. జవాబు వచ్చేసరికి సాయంత్రమయ్యేది. చావు కాగితం మొదటి బల్ల మీదే పడి ఉండేది. దాని మీద అప్పలస్వామి టిఫిన్ క్యారేజీ పెట్టుకునేవాడు. భానోజీ ఇంటికొచ్చి గుమ్మం దగ్గర చాప వేసుకుని, ఆ రోజు ఏం రాశాడో వంటగదికి చెప్పేవాడు.

నలభయ్యో రోజుకు తెల్ల వార్డులు అయిపోయాయి. ముప్పై రెండు వార్డుల్లో ఫిర్యాదు చెయ్యని గోడ, మొక్క, కుక్క మిగల్లేదు. మిగిలినవన్నీ నల్ల వార్డులు. ఈయన అక్కడ అడుగు పెట్టలేడు.

నలభై ఒకటో రోజు పొద్దున్న వంటగదిలో చప్పుడైంది. భానోజీ గభాల్న గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. పెరటి తలుపులోంచి ఒక బంటుపిల్ల వచ్చి నిలబడి ఉంది. పేరు రాఘవమ్మ. చేతుల్లో నెలన్నర బిడ్డ.

“బాబాయ్‌గారూ, మీరు అర్జీలు రాత్తారంట గదా” అంది. “మా వార్డులో పిల్లలకి చుక్కలేసేవాళ్ళు లేరండి. మంగమ్మగారున్నప్పుడు బుధారం బుధారం వచ్చేవారు. ఇది పుట్టాక ఒక్క చుక్కా పడలేదు.”

భానోజీ గుమ్మానికి ఇవతల చాప వేసుకున్నాడు. మంగతాయారు పోయాక ఆ పక్కనుంచి ఒక గొంతు రావడం అదే మొదలు.

“కూర్చో అమ్మా. ఆ పీట వేసుకో” అన్నాడు. “ఏ వార్డు?”

ఆ రోజు అర్జీ పది నిమిషాల్లో రాశాడు. ఊరికే వంకలు పెట్టే అర్జీ కాదది, నిజమైన అర్జీ, ఆయనకే భయమేసింది. చెక్ చెక్కే గనక జవాబు చెప్పక తప్పలేదు. వారంలో నల్ల వార్డులకు చుక్కల మందు వెళ్ళింది. ఆ తరవాత పెరటి తలుపు మూతపడలేదు. రోజూ ఎవరో ఒకరు వచ్చి వంటగదిలో పీట మీద కూర్చుని తమ వార్డు సంగతి చెప్పేవారు. చెబుతూ చెబుతూ మంగమ్మగారి సంగతీ చెప్పేవారు. కొంగుకు బెల్లంముక్కలు కట్టుకొచ్చేదనీ, చేదు చుక్క వేసి వెంటనే బెల్లం నాకించేదనీ భానోజీకి ఆ ఏడే తెలిసింది. ఇంట్లో బెల్లం తొందరగా అయిపోతోందని ఆయన ఇరవై ఏడేళ్ళు చీమల్ని తిట్టాడు.

“మీ గురించి కూడా చెప్పేవారండి” అంది రాఘవమ్మ ఓసారి.

“ఏమని?”

“మా ఆయనకి చలేత్తందన్న సంగతి నేను చెబితేగాని తెలీదమ్మా అనేవారు.”

ఆ కార్తీకంలో భానోజీ ఎవరూ చెప్పకుండానే స్వెట్టరు వేసుకున్నాడు.

కంప్యూటరు ఇదంతా తనకు తోచినట్టు చూసుకుంటూ ఉంది. తెల్ల వార్డుల్లో కుళాయిలు వస్తున్నాయి. నల్ల వార్డుల్లో పిల్లలకు చుక్కలు పడుతున్నాయి, చెత్త కదులుతోంది, దీపాలు వెలుగుతున్నాయి. ఊళ్ళో చూడని చోటు లేదు. అంటే జంట ఉన్నట్టే.

ఏడాది తిరిగింది. మళ్ళీ భాద్రపదంలో విలువల పత్రాలు వచ్చాయి. భానోజీ వెళ్ళేసరికి నాగరత్నం రెండు కాగితాలు విడిగా తీసి ఉంచింది.

“ఇది మీది. రెండు డెబ్భై తొమ్మిది. నేనే రెండుసార్లు చూశానండి.”

“తగ్గిందా?”

“అర్జీల గోలలో పడి నీళ్ళు రెండుసార్లు ఆలస్యంగా వదిలారట. ఓసారి కట్టడం మరిచిపోయారట.” ఆమె రెండో కాగితం తిప్పింది. “ఆవిడది మూడు డెబ్భై ఒకటి. సంవత్సరం పొడుగునా ఒక్క తప్పు ఎత్తు కూడా వెయ్యలేదని రాసింది. సెక్షనులో ఇంత మంచి పత్రం ఈయేడు ఇంకెవరికీ రాలేదండి.”

భానోజీ కాగితం చేతిలోకి తీసుకుని భార్య పేరు పక్కన అంకె మీద వేలు పెట్టాడు. “మొదట్నించీ నాకంటే ఎక్కువేనండి. అప్పట్లో సమానం అని ఎందుకేశారో నాకు అర్థమయ్యేది కాదు” అన్నాడు. ముఖం వెలిగిపోతోంది. తరవాత ఒక అనుమానం వచ్చింది. “రెండు డెబ్భై తొమ్మిదంటే మరి గురువారం...”

“గుర్రం కంటే తక్కువ ధరకి ఎదురుపాలెం వాళ్ళు గుర్రాన్ని ఎందుకిస్తారండి? మిమ్మల్ని ఎవరూ తీసుకోరు.” నాగరత్నం ఈ మాట శుభవార్తలాగే చెప్పింది, ఆయన అలాగే విన్నాడు. “కింద ఆర్డరు కూడా ఉంది చూడండి. విలువైన మంగతాయారుకు కాపుగా భానోజీని ఆ గుమ్మం దగ్గరే ఉంచవలెను.”

ఆయన ఆ వాక్యం మూడుసార్లు చదివాడు. మూడుసార్లు చదివితే ఊరు మూసెయ్యరని నాగరత్నం హామీ ఇచ్చింది.

“మావారిది నాలుగు దాటిందండి” అంది ఆమె, పత్రాలు సర్దుతూ. “ఆయన పోయి ఆరేళ్ళయింది. ఉండగా రెండున్నర ఎప్పుడూ దాటలేదు. మొత్తం మీద మన ఊరు నలభై మూడు బంట్లు ముందుందని కంప్యూటరు చెబుతోంది.”

“అందులో ఉన్నవాళ్ళెంతమంది, లేనివాళ్ళెంతమంది?”

“ఆ గడి ఫారంలో లేదండి. ఎదురుపాలెం కూడా నలభై మూడు ముందుందట, వాళ్ళ కంప్యూటరు లెక్కలో.”

అద్దాల వెనక అప్పలస్వామి ఆవులించాడు. ఆయనకు ఈయేడు కూడా ఒకటే వచ్చింది. భానోజీ తన పత్రం అందినట్టు సంతకం చేశాడు. నాగరత్నం రెండోది ముందుకు జరిపి, సంతకం పెట్టాల్సిన చోటు కలంతో చూపించింది.

“దీని మీద ఆవిడ సంతకం కావాలి.”

భానోజీ కలం తీసుకున్నాడు, ఆలోచించాడు, తిరిగి ఇచ్చేశాడు.

“ఆవిడ పొయ్యి మీద పప్పు పెట్టుంటదండి ఇప్పుడు. సాయంత్రం గుమ్మం దగ్గర కూర్చున్నప్పుడు పెట్టించి తెస్తాను.”

“తొందరేం లేదండి” అంది నాగరత్నం. పత్రం మడిచి ఆయన చేతికిచ్చి, రిజిస్టరులో ఆ పేరుకు ఎదురుగా ‘సంతకం రావలసి ఉన్నది’ అని రాసి, తరవాతివాళ్ళను పిలిచింది.